గ్రహచారము, భయము, సంఘము: 1524 మీనరాశి కూటమి నేర్పే పాఠములు

గృహ దర్శనమునకు వెళ్లినప్పుడు కాపరులు తరచుగా వినే ప్రశ్న ఒకటి ఉన్నది. క్రమముగా ఆరాధనకు వచ్చే కుటుంబమే; బాప్తిస్మము పొంది ప్రభువు బల్లలో పాలుపొందుచున్న వారే. అయినను కుమారుని ఉద్యోగము పోయినప్పుడో, అప్పు తీరనప్పుడో ఆ ఇంటి తల్లి స్వరము తగ్గించి, "అయ్యగారూ, మావాడికి ఏలినాటి శని పట్టిందని పక్కింటివాళ్లు అంటున్నారండి. ఇంకా నాలుగేళ్లు ఉందంట. మీరు ప్రార్థన చేస్తే ముందే పోతుందా?" అని అడుగుతుంది. మనలో కొందరము నవ్వి కొట్టివేస్తాము. కొందరము యిర్మీయా 10:2 చూపి గద్దిస్తాము. మరికొందరము పైకి ఏమియు అనకుండా, మన ఇంటి పెండ్లికి మాత్రము మంచి రోజు చూచుకొంటాము.

ఈ మూడు జవాబులును సంఘ చరిత్రలో పాతవే. దిద్దుబాటు కాలములో ఒక గ్రహకూటమి ఐరోపా అంతటిని భయపెట్టినప్పుడు క్రైస్తవ పండితులు ఈ మూడు విధములుగాను ప్రవర్తించారు. ఆ చరిత్రను పరిశీలించి, నేటి తెలుగు సంఘ కాపరికి అది ఏమి నేర్పగలదో ఆలోచించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. జ్యోతిషము తప్పు అని నిరూపించి ఊరకుంటే కాపరి పని పూర్తి కాదనునదే మేము ఇక్కడ చెప్పదలచినది.

1. గోచారము అనగా నేమి?

జాతక చక్రము మనుష్యుడు పుట్టిన క్షణమున గ్రహములున్న స్థితిని చూపుతుంది. అది మారదు. కాని గ్రహములు నిలిచియుండవు గనుక, అవి ఇప్పుడు ఏ రాశిలో సంచరించుచున్నవో చూచి, జన్మరాశి నుండి అది ఎన్నవ స్థానమో లెక్కించి ఫలితము చెప్పే పద్ధతి ఏర్పడినది. దానినే గోచారము అంటారు. ఆరవ శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో దీనికి ప్రత్యేకముగా ఒక అధ్యాయమును కేటాయించాడు. ఉగాదినాడు చేసే పంచాంగ శ్రవణములో రాశుల వారీగా వినిపించే ఫలితములకు ఇదే ఆధారము. గురువు సుమారు 12 సంవత్సరములకు రాశిచక్రమును ఒకసారి చుట్టివస్తాడు; ఆయన సింహరాశిలో ప్రవేశించినప్పుడు గోదావరికి, కన్యలో ప్రవేశించినప్పుడు కృష్ణకు పుష్కరములు. కాబట్టి గ్రహచారమన్నది తెలుగువారికి పంచాంగములో మాత్రమే ఉండే విషయము కాదు; నది ఒడ్డున కూడ కనబడుతుంది.

శని రాశిచక్రమును చుట్టివచ్చుటకు సుమారు 29న్నర సంవత్సరములు పడుతుంది. అనగా ఒక్కొక్క రాశిలో సుమారు రెండున్నర సంవత్సరములు. జన్మరాశికి ముందు రాశిలోను, జన్మరాశిలోను, తరువాతి రాశిలోను శని ఉండే ఏడున్నర సంవత్సరములే ఏలినాటి శని. దృక్ పంచాంగము ప్రకారము 2025 మార్చి 29న శని మీనములో ప్రవేశించగానే మేషరాశివారికి అది ఆరంభమైనదనియు, మకరరాశివారికి ముగిసినదనియు చెప్పారు. వాక్య పంచాంగమును అనుసరించేవారికి ఆ ప్రవేశము 2026లో. ఒకే మనుష్యుని కష్టము ఒక లెక్కలో ముగిసి, మరియొక లెక్కలో ఇంకను కొనసాగినది.

ఇక్కడ చిన్న లెక్క వేసి చూడవచ్చును. 12 రాశులలో ఎప్పుడును మూడు రాశులవారికి ఏలినాటి శని ఉంటుంది. అంటే ఏ దినమందైనను లోకములో సుమారు నాలుగవ వంతు మంది దాని క్రింద ఉన్నారు. ఆదివారము మన యెదుట 100 మంది కూర్చుంటే వారిలో దాదాపు 25 మంది. ఏడున్నర సంవత్సరములలో ఒక కుటుంబమునకు ఒక మరణమో, వ్యాధియో, అప్పో, వివాదమో రాకుండ ఉండుట అరుదు. వచ్చినప్పుడు శని జ్ఞాపకము వస్తాడు; రాని సంవత్సరములు జ్ఞాపకములో నిలువవు. గోచారము నిజమని తోచుటకు ఇది ఒక ముఖ్య కారణము.

2. 1524 ఫిబ్రవరి: మీనరాశిలో కూటమి

గురు శనులు సుమారు 20 సంవత్సరములకు ఒకసారి కలిసికొంటారు. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన అబూ మఅషర్ ఈ కలయికలను బట్టి రాజ్యముల మార్పును, మతముల ఉదయమును వివరించవచ్చునని బోధించాడు. ఆయన గ్రంథములు లాటిన్ భాషలోనికి అనువదింపబడిన తరువాత క్రైస్తవ ఐరోపా ఈ సిద్ధాంతమును స్వీకరించినది. పియేర్ దయ్యీ అను కార్డినల్ పదునైదవ శతాబ్ద ఆరంభములో లోక చరిత్రను ఈ కలయికలతో సరిపోల్చి గ్రంథములు వ్రాశాడు. అనగా ఇది సంఘము వెలుపలి మూఢత్వము కాదు. సంఘ నాయకుల చదువులో భాగము.

1499లో యోహాన్ ష్టోఫ్లర్, యాకోబ్ ప్ఫ్లౌమ్ అనువారు జర్మనీలోని ఉల్మ్ పట్టణమున రాబోవు సంవత్సరముల గ్రహస్థితులను లెక్కించి ఒక పంచాంగము ప్రచురించారు. 1524 ఫిబ్రవరిలో 20 గ్రహ కలయికలు సంభవించునని, వాటిలో 16 జలరాశిలో జరుగునని, అది లోకమంతటికి మార్పును సూచించునని వారు వ్రాశారు. ఆ జలరాశి మీనము. జలప్రళయమని వారు వ్రాయలేదు. ఆ మాటను తరువాతివారు చేర్చారు. ముద్రణాయంత్రము అప్పటికి పాతది కాదు. భయము బాగుగా అమ్ముడుపోయే సరుకని ముద్రాపకులు త్వరగానే గ్రహించారు. 1524 రాకముందే 50కి పైగా రచయితలు ఈ కూటమిని గూర్చి 130కి పైగా పుస్తకములు, కరపత్రములు వెలువరించారు. 1519లో అగొస్తీనో నీఫో అను ఇటలీ తత్త్వవేత్త జలప్రళయ జోస్యము అబద్ధమని ఒక గ్రంథము వ్రాసి చార్లెస్ చక్రవర్తికి అంకితమిచ్చాడు. విజయనగరములో కృష్ణదేవరాయలు పాలించుచున్న సంవత్సరములవి.

ఇక్కడ ఒక విషయమును తెలుగు పాఠకులు ప్రత్యేకముగా గమనించవలసియున్నది. ఐరోపావారు సాయన పద్ధతిలో రాశులను లెక్కిస్తారు. మన పంచాంగకర్తలు నిరయన పద్ధతిలో లెక్కిస్తారు. 1524 నాటికి ఈ రెంటి మధ్య తేడా సుమారు 17 డిగ్రీలు. గురు శనులు కలిసికొన్న స్థానము ఐరోపా లెక్కలో మీనములో సుమారు 9వ డిగ్రీ. అదే స్థానము మన లెక్కలో కుంభములో పడుతుంది. మీనము జలరాశి, కుంభము వాయురాశి. ఆకాశము ఒక్కటే, గ్రహములు అవే, రాత్రి అదే. ఐరోపాను ముంచబోయిన నీరు మన పంచాంగము తెరచి చూస్తే అక్కడ లేనే లేదు.

3. నీళ్లు రాలేదు, రైతులు లేచారు

1524 ఫిబ్రవరి వచ్చి వెళ్లినది. జలప్రళయము రాలేదు. కాని ఆ సంవత్సరపు వేసవిలో నైరుతి జర్మనీలోని ష్టూలింగెన్ ప్రాంతమున రైతులు తమ ప్రభువుపై తిరుగబడ్డారు. 1525 వసంతమునకు ఆ తిరుగుబాటు జర్మనీ యొక్క అనేక ప్రాంతములకు వ్యాపించినది. మే 15న ఫ్రాంకెన్‌హౌజెన్ యొద్ద రైతుల సేన నాశనమైనది. వారితో నిలిచిన తోమస్ మ్యుంట్సర్ అదే నెలలో మరణశిక్ష పొందాడు. ఆ యుద్ధములో హతులైనవారు లక్ష మంది వరకు ఉండవచ్చునని చరిత్రకారుల అంచనా.

జ్యోతిష్కులను పరిహసించుటకు లూథర్ ఈ సంఘటననే వాడుకొనేవాడు. రానటువంటి నీటిని వారందరు ముందుగా చెప్పారు, వచ్చినటువంటి రైతుల తిరుగుబాటును ఎవడును చెప్పలేదు అని ఆయన భోజనపు బల్ల యొద్ద అన్నట్లు శిష్యులు వ్రాసి ఉంచారు. ఇది బలమైన వాదమే. అయితే చరిత్ర విద్యార్థులము గనుక మనము న్యాయముగా మాటలాడవలెను. 1523లో న్యూరెంబర్గులో ముద్రింపబడిన లేయొన్‌హార్ట్ రైన్‌మాన్ కరపత్రము ముఖచిత్రములో ఒక గొప్ప చేప కనబడుతుంది. దాని కడుపులో గ్రహములు, దాని నుండి ఊరిమీద పడుచున్న నీరు. ఒక ప్రక్క ఆయుధములు పట్టిన రైతులు, మరియొక ప్రక్క చక్రవర్తి, పోపు. కాబట్టి ఎవడును చెప్పలేదనుట పూర్తిగా సరికాదు.

అయితే రైన్‌మాన్ దానిని ఆకాశములో చదివాడా? మేమట్లు తలంచుట లేదు. రైతుల అసంతృప్తి అప్పటికి అనేక సంవత్సరములుగా కళ్లెదుట ఉన్న సంగతి. 1525 మార్చిలో మెమ్మింగెన్ పట్టణమున రైతులు సిద్ధపరచిన పన్నెండు కోరికలను చదివితే వాటిలో శని లేడు, గురువు లేడు. తమ కాపరిని తామే ఎన్నుకొనవలెనని మొదటి కోరిక. దశమభాగము న్యాయముగా వినియోగపడవలెను, దాస్యము పోవలెను, అడవిలో కట్టెలు, ఏటిలో చేపలు పేదవానికి నిషేధము కాకూడదు, వెట్టిచాకిరి తగ్గవలెను, ఇంటి యజమాని చనిపోతే విధవరాలి యొద్ద ప్రభువు పన్ను తీసికొనకూడదు. ఇవి భూమిమీద కారణములు. ఇరువది ఐదు సంవత్సరములు చదువుకొన్నవారు మీనరాశిని లెక్కపెట్టుచుండగా, విధవరాలి ఇంటి ముందు పన్నుకై నిలిచినవానిని లెక్కపెట్టినవారు కొద్దిమందే.

4. విట్టెన్‌బర్గులో ఇద్దరు స్నేహితులు

జ్యోతిష విషయములో లూథర్, ఫిలిప్ మెలాంక్తన్ ఏకీభవించలేదు. మెలాంక్తన్ ట్యూబింగెనులో ష్టోఫ్లర్ యొద్దనే చదివినవాడు. దేవుడు సృష్టిలో ఉంచిన క్రమమును చదువుటయే జ్యోతిషమని ఆయన నమ్మాడు. టాలమీ యొక్క జ్యోతిష గ్రంథమును 1553లో ప్రచురింపజేశాడు. లూథర్ జాతకమును గూర్చి కూడ ఆయనకు ఆసక్తి ఉండెను. లూకా గౌరికో అను ఇటలీ జ్యోతిష్కుడు లూథర్ జన్మదినమును 1484 అక్టోబర్ 22గా నిర్ణయించాడు. 1484 నవంబరులో గురు శనుల కలయిక జరిగినది. క్రొత్త మతనాయకుడు దానితో పుట్టవలెను గదా! లూథర్ తల్లిని మెలాంక్తన్ విచారించినప్పుడు, దినమును ఘడియను తనకు జ్ఞాపకమున్నవి గాని సంవత్సరము నిశ్చయముగా తెలియదని ఆమె చెప్పినది. నేడు అంగీకరింపబడిన తేదీ 1483 నవంబర్ 10. గ్రహమునకు సరిపోవునట్లు జీవితమునే ఒక సంవత్సరము జరిపారు.

లూథర్ నవ్వాడు. ఒకే తల్లి గర్భమున, ఒకే కాలమున పుట్టిన ఏశావు యాకోబులు గుణములో ఎందుకు వేరైరని అడిగాడు. అయినను ఆయన పూర్తిగా దీనికి వెలుపల నిలువలేదు. గ్రహణములు, తోకచుక్కలు దేవుడిచ్చే హెచ్చరికలని ఆయన నమ్మాడు. 1527లో లిఖ్తెన్‌బర్గర్ అనువాని జోస్య గ్రంథమునకు ముందుమాట వ్రాసి, ఆ విద్య నిశ్చయమైనది కాదనియు, దేవునికి భయపడువాడు చిహ్నములకు భయపడనక్కరలేదనియు బోధించాడు.

మరి నవ్వినవాడు భూమివైపు చూచాడా? 1525 ఏప్రిల్‌లో ఆయన చూచాడు. తిరుగుబాటుకు ప్రభువుల దోపిడియే కారణమని వారి ముఖముననే వ్రాశాడు. మే నెలలో రైతులను కనికరము లేక అణచివేయుడని వ్రాశాడు. జ్యోతిష్కుల తప్పు తెలిసినంత మాత్రమున రైతుల బాధ వినే చెవి రాలేదు. మూఢనమ్మకమును ఖండించుట ఒక వరము. బాధపడువాని యొద్ద నిలుచుట మరియొక వరము. ఒకటి ఉన్నవానికి రెండవది ఉన్నదని మనము అనుకొనరాదు.

1549లో జాన్ కాల్విన్ ఫలజ్యోతిషమునకు విరోధముగా ఒక చిన్న పుస్తకము వ్రాశాడు. గ్రహ గతులను లెక్కించు విద్యను ఆయన గౌరవించాడు. మనుష్యుని భవిష్యత్తును తీర్పు తీర్చు విద్యను నిరాకరించాడు. మన భాషలో ఈ భేదమునకు మంచి మాటలు ఇదివరకే ఉన్నవి: గణితము, ఫలితము. పుష్కరము తేదీని చెప్పేది గణితము. ఆ తల్లి కుమారునికి ఇంకా నాలుగు సంవత్సరముల కష్టమని చెప్పేది ఫలితము. మొదటిది ఆదికాండము 1:14లోని జ్యోతుల పనికి సంబంధించినది. రెండవది యెషయా 47:13లో బబులోనుతో కూడ తీర్పు పొందినది. పంచాంగము ఇంట కనబడగానే గద్దించే కాపరి ఈ భేదమును మరువరాదు.

5. అగస్టీను విన్న ఇద్దరు శిశువుల కథ

దిద్దుబాటుకు వెయ్యి సంవత్సరముల ముందే ఈ ప్రశ్నను లోతుగా ఎదుర్కొన్నవాడు అగస్టీను. యౌవనములో ఆయన స్వయముగా జాతకములను నమ్మినవాడు. దానిని విడువుటకు తోడ్పడిన ఒక సంగతిని తన ఒప్పుకోళ్లు ఏడవ భాగములో చెప్పుచున్నాడు. ఫిర్మీనుసు అను స్నేహితుని తండ్రి జ్యోతిషమందు ఎంత ఆసక్తి గలవాడంటే, ఇంటిలోని మూగజీవములు ఈనిన ఘడియలను కూడ వ్రాసికొనేవాడు. ఫిర్మీనుసు పుట్టిన క్షణముననే తండ్రి స్నేహితుని ఇంట ఒక దాసికి కూడ బిడ్డ పుట్టాడు. రెండు ఇండ్ల నుండి వార్తతో పరుగెత్తినవారు సరిగా మధ్యదారిలో కలిసికొన్నారు. ఒకే లగ్నము, ఒకే గ్రహములు. ఫిర్మీనుసు ధనమునందును గౌరవమునందును పెరిగాడు. దాసి కుమారుడు దాసుడుగానే ఉండిపోయాడు.

ఈ కథను మనము సాధారణముగా తర్కముగా మాత్రమే వాడుతాము. మరల చదివితే అందులో మరియొక సంగతి ఉన్నది. ఆ ఇద్దరు శిశువులను వేరుచేసినది ఆకాశము కాదు, దాస్యము. కులమును బట్టి వాడ వేరైన దేశములో సేవచేయు కాపరికి ఈ కథను విడమరచి చెప్పనక్కరలేదు. ఒకే రాత్రి ఊరిలో ఒక బిడ్డ, పల్లెలో ఒక బిడ్డ పుడితే వారి దారులను వేరుచేయుటకు శని కావలెనా?

6. 1962, 2019: అదే వరుస

1962 ఫిబ్రవరి 3 నుండి 5 వరకు సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురువు, శుక్రుడు, శని, కేతువు మకరరాశిలో కూడారు. అష్టగ్రహ కూటమి అని మన పెద్దలు నేటికిని చెప్పుకొనేది ఇదే. లోకము అంతమగునని దేశమంతట భయము వ్యాపించినది. అనేక స్థలములలో యజ్ఞములు, హోమములు, అఖండ భజనలు జరిగినవి. ఏమియు జరుగలేదు. అదే నెలలో దేశములో సార్వత్రిక ఎన్నికలు యథావిధిగా జరిగినవి. ఐరోపా పద్ధతిలో ఆ గ్రహములు కూడినది మకరములో కాదు, కుంభములో. అక్టోబర్ 20న చైనాతో యుద్ధము ఆరంభము కాగా, కూటమి ఫలము ఇదేనని చెప్పేవారు బయలుదేరారు. ఆ యుద్ధమునకు కారణము సరిహద్దు వివాదము. అది ఫిబ్రవరికి ముందే సంవత్సరముల తరబడి పెరుగుచున్నది.

2019 డిసెంబర్ 26న సూర్యగ్రహణముతో కూడ ఆరు గ్రహములు ధనుస్సులో చేరాయి. మరుసటి సంవత్సరము కోవిడ్ వచ్చినప్పుడు మరల అదే మాట వినబడినది. వరుస మారలేదు: మొదట ఒక భయము, అది నెరవేరదు, తరువాత వచ్చిన వేరొక దుఃఖము దాని ఖాతాలో వ్రాయబడుతుంది. మన సంఘములలో కొందరు బోధకులు గ్రహణములను చూపి రాకడ తేదీలను సూచించుట కూడ ఈ వరుసలోనిదే. పేరు ప్రవచనము, పద్ధతి ష్టోఫ్లర్ తరువాతి కరపత్రములది.

7. కాపరికి మిగిలిన పని

రోమా 8:39లో పౌలు చెప్పిన "ఎత్తు" అను మాటకు మూలములో ఉన్న గ్రీకు పదము, గ్రహము ఉచ్చస్థితిలో ఉండుటను తెలుపుటకు ఆనాటి జ్యోతిష్కులు వాడిన పదమే. పౌలు దానిని ఉద్దేశించియే వాడాడని కొందరు వ్యాఖ్యాతలు తలంచుచున్నారు. అట్లయితే ఆ వచనము మన పంచాంగము భాషలోనే మాటలాడుచున్నది: గ్రహము ఉచ్చలో ఉన్నను, మరి ఏ స్థితిలో ఉన్నను, క్రీస్తునందలి దేవుని ప్రేమ నుండి విశ్వాసిని ఎడబాపలేదు. గ్రహములకు శక్తి ఉన్నదా లేదా అను వాదముతో ఆయన ఆరంభించలేదు. శ్రమ, కరవు, వస్త్రహీనత, ఖడ్గము అను భూమిమీది పేర్లు మొదట చెప్పి, ఆ తరువాతనే ఎత్తునకు, లోతునకు వచ్చాడు.

ఆ క్రమమును మనము ఆ తల్లి ఇంట పాటించవలసియున్నది. ఆమె అడిగిన ప్రశ్నలో శని ఒక్క మాటే. మిగిలినదంతా కుమారుని ఉద్యోగము, అప్పు, ఇరుగుపొరుగు వారి యెదుట సిగ్గు. ఆమెకు లూథర్ నవ్వు చాలదు, మెలాంక్తన్ లెక్కలు అక్కరలేదు. అప్పు ఎంత, వడ్డీ ఎంత, ఎవరి యొద్ద తెచ్చారు, అబ్బాయి ఎక్కడెక్కడ పనికి ప్రయత్నించాడు అని మనము కూర్చుండి అడుగవలెను. సంఘములో సహాయము చేయగలవారు ఎవరో ఆలోచించవలెను. తరువాత ప్రార్థన చేయవలెను. ఏలినాటి శని ముందే పోవలెనని కాదు, ఆ నాలుగు సంవత్సరములు కూడ ప్రభువువే అని. ఇట్లు చేసిన తరువాత యిర్మీయా 10:2 చదివితే ఆమె దానిని గద్దింపుగా కాక ధైర్యముగా వింటుందని మేము నమ్ముచున్నాము.